మొలాసిస్‌లో నానిన మోటరు

హన్మాండ్లు ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు బోధన్‌లో లేరు. అన్నం తింటూ తింటూ లేచి, వాకిట్లో ఉన్న మోటరు బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి మళ్లీ కంచం ముందు కూర్చుంటాడు. కాలుగాలిన పిల్లి అంటారే, అచ్చం అదే.

"తినెటప్పుడన్న కాలు నిలువదా నీకు? అది యాడికి పోతది, దానికి చక్రాలే లేకపాయె!" అని భార్య గంగమణి రోజూ అరుస్తుంది.

చక్రాలేమిటి, దానికి ఉన్నదేమిటో చెప్పడమే కష్టం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి విలాయతు పికప్పు. ఒక దొర చెరుకు తోటలో ఏళ్ల తరబడి దాన్ని నడిపింది హన్మాండ్లే. దొర హైదరాబాదుకు మకాం మార్చాక షెడ్డులో పడి తుప్పు పట్టిపోయింది. "తుక్కే గదా, నువ్వే తీస్కపో" అని దొర అనడమే ఆలస్యం, రెండు జతల ఎడ్లు కట్టి ఇంటికి లాక్కొచ్చాడు.

ఎందుకీ పిచ్చి అంటారా? పైకి చెప్పడుగానీ సంగతి ఒకటే. గంగమణి కూడా ఆ తోటలోనే చెరుకు కొట్టేది. కూలీలంతా వెనక డబ్బాలో, చెరుకు మోపుల మీద. ముందు సీటు మీద కూలోళ్ల నీడ కూడా పడొద్దని దొర మాట. డ్రైవరు పెళ్లామైనా కూలిదే కదా! ఇప్పుడు బండి తనది. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడటం మొదలైతే తను చెరుకు లారీ ఎక్కాలి, ఇక నెలల తరబడి ఇంటి మొహం చూసేది లేదు. ఆలోపే గంగమణిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నిజామాబాద్ బజారంతా తిప్పాలి. అదీ అతని పట్టుదల.

తుప్పు వదిలించడానికి, రేకుల పని చేసే ఇనాయత్ ఉపాయం చెప్పాడు. చక్కెర తీశాక మిగిలే నల్లటి మొలాసిస్ మడ్డిని డ్రమ్ములో నీళ్లతో కలిపి ఇనుము నానేస్తే చాలట.

"ఇనుమొక్కటే ఎయ్యన్నా. కార్బురేటరసొంటి తెల్ల లోహం సామాను ఎయ్యకు, మడ్డి తినేస్తది. ఇగ నెల దాక మూత తియ్యకు" అన్నాడు.

నెల దాకానా! హన్మాండ్లా! పూటకోసారి మూత తీయడం, మోచేతి దాకా చెయ్యి ముంచి ఒక కమానుపట్టీ పైకి లాగడం, గోటితో గీకి చూసి ఉసూరుమంటూ మళ్లీ పడేయడం. కొన్నాళ్లకే మడ్డి పులిసి గల్లీ అంతా గుప్పుమంది. పక్కింటి నర్సన్న చెంబు పట్టుకుని వచ్చాడు.

"అన్నా, గుడుంబ వెడుతున్నవని ఒక్క మాటన్న జెప్పకపోతివి. నేను పక్కింటోన్ని గానా?"

నవ్వులాట అక్కడితో ఆగితే బాగుండేది. ఆ వాసన సారా పట్టుకునే ఆబ్కారీ జవాన్ల దాకా పోయింది. గల్లీ మొదట్లో జీపు ఆగగానే హన్మాండ్లు డ్రమ్ము దగ్గరికి ఉరికాడు. డ్రమ్ము పగలగొడితే అంతే సంగతులు. ఇది సారా కాదు, ఇనుప సామాను నానేసుకున్న డ్రమ్మని నమ్మించాలి. బోల్టులు, నట్లు, పానాలు, కిరసనాయిలుతో కడుగుతున్న కార్బురేటరు, చేతికందినదల్లా అందులో పడేశాడు.

జవాను కర్ర పెట్టి కలిపితే లోపల గణగణ మోగింది. ఒక ముక్క పైకి తీసి వాసన చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఇనుప పులుసు వెట్టినవేందయ్యా! మూతన్న గట్టిగ వెట్టుకో" అని నవ్వుకుంటూ పోయాడు.

గండం గడిచిన సంబరంలో హన్మాండ్లు కార్బురేటరు మాటే మరిచిపోయాడు. నానినవన్నీ తీసి బిగించాడు, చక్రాలెక్కించాడు. ఇంజను చేత్తో తిప్పితే తిరిగింది. ఇక మిగిలింది కార్బురేటరే. ఇల్లంతా వెతికాడు, ఎక్కడ పెట్టావని గంగమణిని కసిరాడు. ఆఖరికి డ్రమ్ము వంచితే అడుగున దొరికింది. పుచ్చు వంకాయలా అయిపోయి, వేలు పెడితే విరిగింది.

బోధన్‌లో, నిజామాబాద్‌లో, నాందేడ్‌లో అడిగించాడు. అలాంటిది ఇప్పుడెక్కడ దొరుకుతుందన్నారు. మర్నాటి నుంచే ఫ్యాక్టరీలో చెరుకు ఆడతారని కబురొచ్చింది.

హన్మాండ్లు వాకిట్లో మట్టిలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నిన్ను ముందట కూసోవెట్టుకొని నిజామాబాద్ తీస్కపోదామనుకుంటినే. నా తొందరే నా కొంప ముంచె."

గంగమణి కొంగుతో చేతులు తుడుచుకుని, బండి తలుపు తీసి, ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "నువ్వు గూడ రా" అంది. అతను వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆమె సీటంతా చేత్తో తడిమింది, కాళ్లు బారజాపింది.

"నాకు జరమొస్తే ఈ బండిల దవాఖానకు తీస్కపోతివి యాదికున్నదా? ఎనుక చెరుకాకు మీద పండవెట్టినవు, వానకు మొత్తం తడిసిన. గా దినం ఈడ ఎవలు కూసున్నరు? దొరనా?"

హన్మాండ్లు స్టీరింగు మీది దుమ్ము తుడిచాడు.

"ఎవలు కూసోలె" అన్నాడు.

"ఖాళీనేనా?"

"ఖాళీనే."

"గా దినం నన్ను కూసోవెట్టేదుండె" అంది గంగమణి.