వెర్నా కోసిన కర్ర

వెర్నా రైఫిల్‌కి వెనక, భుజానికి ఆనించే పాత కర్ర ఊడదీసి ప్లాస్టిక్ తగిలించారు. ఎవరినీ అడగలేదు. నన్ను అసలే అడగలేదు. ఇది తప్పు. ముందు ఈ మాట చెప్పేసి, మిగతాది తర్వాత చెబుతాను. ఎందుకంటే వెర్నా సంగతులు మొదలుపెడితే నాకు హుషారెక్కి, ఈ కోపం కాస్తా ఎక్కడ చల్లారిపోతుందోనని భయం.

ఒక శనివారం పొద్దున, మేం గురి కాల్చుకునే రేంజ్‌లో రైఫిళ్ళు పెట్టే గది తలుపు తీశాను. తుపాకీ గొట్టాలు తుడిచే మందు వాసన గుప్పున కొట్టింది. ఆ వాసన ఎరగనివాళ్ళకి ఎలా చెప్పను? బాగా మగ్గిన అరటిపండునీ, కిరసనాయిలునీ కలిపి ఒక గుడ్డకి పూసి ఎండలో ఆరేసినట్టుంటుంది. నాకు అది వెర్నా వాసన. ఆవిడ పోయి ఏడాది దాటినా, ఆ వాసన తగిలితే చాలు, వెనకనుంచి "మిస్టర్ రావ్, మోచెయ్యి!" అని గద్దిస్తుందేమోనని మోచెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. ఆ రోజూ సర్దుకుంది. అలా సర్దుకున్న చేత్తోనే గోడకున్న అరలోంచి ఆవిడ రైఫిల్ అందుకున్నాను. వేళ్ళకి కర్ర తగల్లేదు. నల్లగా, చల్లగా, మరలూ మీటలూ ఉన్న ప్లాస్టిక్ తగిలింది. తుపాకీ పట్టుకున్నట్టు లేదు, దంతవైద్యుడి కుర్చీ చెయ్యి పట్టుకున్నట్టుంది.

నేనెవరో కూడా చెప్పాలి కదా. పేరు రామ్మోహనరావు. టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో కాపురం. బడిలో చదివింది తక్కువ. ఇంగ్లీషు నేర్చుకున్నది లైబ్రరీ పుస్తకాల్లోంచి, పాలడబ్బాల మీది రాతల్లోంచి. ఎయిర్‌పోర్టు దగ్గర విమానాల విడిభాగాల గిడ్డంగిలో పనిచేసి రిటైరయ్యాను. తప్పు కనిపిస్తే ఊరుకోలేను. గుడి పార్కింగ్ గీతల గురించి, ఇండియన్ స్టోర్‌లో పాత బెండకాయల మీద కొత్త బెండకాయలు పోయడం గురించి నేను రాసినన్ని ఫిర్యాదులు ఈ ఊళ్ళో ఇంకెవరూ రాసి ఉండరు. అలాంటివాణ్ణి, గిడ్డంగిలో తోటి పనివాడొకడు బలవంతం చేస్తే, ఓ శనివారం ఆ రేంజ్‌కి వెళ్ళాను. హైవే దిగి, గడ్డిమైదానాల మధ్య చాలాసేపు డ్రైవ్ చేస్తే వస్తుంది. ఒక రేకుల పందిరి, వరసగా బల్లలు, ఎదురుగా మట్టికట్ట, దాని ముందు గుండ్రాలు గీసిన గురి కాగితాలు. అంతే. అక్కడ కాల్చేది ట్వంటీటూ అనే చిన్న రైఫిల్‌తో. దాని తూటా చిటికెన వేలిలో సగం ఉంటుంది. వేటా కాదు, యుద్ధమూ కాదు. ఊపిరి బిగబట్టి కాగితానికి చిల్లు పెట్టడం, ఆ చిల్లు చూసి పిల్లాడిలా గంతులెయ్యడం.

ఆ మొదటి రోజు నాకు గంతులు లేవు. చేతికిచ్చిన రైఫిల్ నా ఒంటికి పొడుగు. కర్ర వెనక చివర, దాన్ని మడమ అంటారు, భుజానికి ఆనించబోతే చంకలో ఇరుక్కుంది. మీట అందుకోవడానికి మెడ కొంగలా సాగింది. పక్కబల్ల మీద డ్వేన్ అని ఒక భారీ మనిషి, రైఫిల్‌కి ఎప్పుడూ ఏదో ఒక కొత్త సరంజామా బిగిస్తుండేవాడు, నన్ను చూసి నవ్వాడు. "చేతులు పెంచుకుని వచ్చే వారం రా, నేస్తం" అన్నాడు.

"డ్వేన్, నీ రైఫిల్‌లో పాతది ఇంకా ఏమైనా మిగిలిందా, నువ్వు తప్ప?" అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

అదే వెర్నా. బక్కపలచటి పొడుగాటి మనిషి, తెల్లజుట్టు, నారింజరంగు చొక్కా. జీవితమంతా స్కూలు బస్సు నడిపింది. శనివారాలు ఆ రేంజ్‌కి పెత్తనం ఆవిడదే. "లైన్ కోల్డ్!" అని ఆవిడ అరిస్తే ఎవరూ తుపాకీ ముట్టుకోకూడదు, ముట్టుకోవాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు, అలా ఉండేది ఆ కేక. మాట్లాడేది టెక్సస్ ఇంగ్లీషే, నా చెవిలో మాత్రం ఆవిడ మాటలన్నీ తెలుగులోనే ఉండిపోయాయి. నా చెయ్యి మోచేతి దగ్గర మడిచి, రైఫిల్ మడమను ఆ మడతలో ఆనించి, వేలు మీటకి ఎంత దూరంలో ఆగిందో చూసింది. చెవి వెనకనుంచి పెన్సిల్ తీసి కర్ర మీద గీత గీసింది. "నీ చెప్పుకి సైజుంది, టోపీకి సైజుంది. తుపాకీకి ఉండదనుకున్నావా?" అంది.

మరుసటి శనివారానికి ఆ గీత దగ్గర కర్ర లేదు. నా చేతికిచ్చింది తన సొంత రైఫిలే, పెళ్ళిరోజుకి మొగుడు బహుమతిగా ఇచ్చింది, వాల్‌నట్ కర్రది. దాన్ని రంపం పెట్టి నా కొలతకి కోసేసింది! కోసిన ముక్కకి మరలు బిగించుకునేలా కన్నాలు వేసుకుంది. నా వంతు అయ్యాక ముక్క తగిలించుకుని తను కాల్చేది. డ్వేన్‌కి ప్రాణం పోయినట్టయింది.

"వెర్నా! అది మీ ఆయన ఇచ్చింది! అలాంటి కర్ర మళ్ళీ దొరుకుతుందా?"

"మా ఆయన నాకు రైఫిల్ ఇచ్చాడు డ్వేన్, మ్యూజియం ఇవ్వలేదు."

ఆ రోజు నా మొదటి చిల్లు నల్ల గుండ్రం లోపల పడింది. గంతేశాను. ఈ వయసులో రాస్తుంటే కూడా కుర్చీలో కదులుతున్నాను.

తర్వాత సొంత రైఫిల్ కొనుక్కున్నాను. దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజకి స్క్రూడ్రైవర్ల దగ్గర్నుంచి మిక్సీ దాకా అన్నిటికీ బొట్టు పెడతాం. రైఫిల్ ఉండగా మిక్సీకేనా మర్యాద? తూటాలు లేవని ఒకటికి రెండుసార్లు చూసుకుని, ముందురోజంతా కూర్చుని గొట్టం తోమాను. మందు పోసి, బ్రష్ పెట్టి, తెల్లగుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా తోమి, వెలుతురుకి పెట్టి చూస్తే లోపల అద్దం. కుంకుమ పెట్టాను, కర్పూరం వెలిగించాను, శనివారం పోటీకి తీసుకెళ్ళాను. నా గుళ్ళన్నీ కాగితం మీద ఆవాలు చల్లినట్టు పడ్డాయి. ఒకటి పక్కవాడి కాగితానికి తగిలింది.

వెర్నా వచ్చి రైఫిల్ వాసన చూసింది. బొట్టు చూసింది. "దీనికి స్నానం చేయించావా?"

"పండగ కదా."

"లోపల కూడా?"

"లోపలే ఎక్కువ."

ఆవిడ బల్ల పట్టుకుని నవ్వింది. తర్వాత వివరంగా చెప్పింది. ట్వంటీటూ గొట్టం లోపల తూటాల సీసం, మైనం సన్నటి పూతలా అంటుకుని ఉంటాయి. ఆ పూత కుదురుకున్నాకే గుళ్ళు ఒకచోట పడతాయి. పూర్తిగా తోమేస్తే మళ్ళీ పూత పట్టేదాకా గొట్టానికి బుద్ధి నిలవదు. "మురికి వేరు, అలవాటు వేరు. మురికి తియ్యి, అలవాటు తియ్యకు" అంది. ఎంత చక్కటి మాట! నేను ఏ లైబ్రరీ పుస్తకంలోనూ చదవలేదు. మరుసటి దసరాకి ఆవిడే తన రైఫిల్ నా ముందు పెట్టింది. "నా దానికి కూడా పెట్టు. గొట్టం జోలికి మాత్రం వెళ్ళకు." పెట్టాను. ఏటా పెట్టాను. ఆ వాల్‌నట్ కర్ర కుంకుమ పీల్చుకుని, చెంప ఆనించే చోట ఒక ఎర్రటి మచ్చ శాశ్వతంగా నిలిచిపోయింది. ఇప్పుడు చెప్పండి, ఆ కర్ర తీసేస్తారా?

ఆ తర్వాత తూటాల కరువొచ్చింది. దుకాణాల్లో ఆ అరలు ఖాళీ. ఫలానా పొద్దున లారీ వస్తుందట అని ఒకరికొకరం ఫోన్లు. మనిషికి ఒక్క డబ్బా. మా ఆవిడ సుబ్బలక్ష్మిని కూడా లైన్లో నిలబెట్టాను. "ఏమండీ, కందిపప్పు కోసం కూడా నేనింత లైన్లో నిలబడలేదు" అని సణిగింది. అయితేనేం, వెనకాల నిలబడ్డ గడ్డపాయనతో స్నేహం చేసుకుంది. "ఎవరికమ్మా ఇవి?" అని ఆయన అడిగితే, "మా ఆయనకి. కాగితాలంటే ఆయనకి కోపం" అని చెప్పి, తూటాల డబ్బా కొత్తిమీర కట్ట పక్కన సంచీలో వేసుకుని దర్జాగా బయటికొచ్చింది.

రేంజ్‌లో మనుషులు మారిపోయారు. ఎవరి దగ్గర ఎన్నున్నాయో ఎవరూ చెప్పరు. డ్వేన్ కొత్త స్కోప్ బిగించాడు, కొత్త మీట బిగించాడు, ఒక్కటీ కాల్చకుండా గురి చూసుకుని వెళ్ళిపోయేవాడు. గరాజ్ నిండా దాచాడని అందరికీ తెలుసు. వెర్నా తన పాత లంచ్ డబ్బా తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. "ఉన్నవాళ్ళు పెట్టండి, లేనివాళ్ళు తీసుకోండి. ఏ డబ్బా ఎవరిదని నేను అడగను" అంది. రకరకాల కంపెనీల తూటాలు కలిస్తే గురి చెడుతుంది కనుక, వరసలో అందరికీ ఒకే పెట్టెలోంచి ఇచ్చేది. ఉన్నవి తక్కువ కాబట్టి కొత్త పోటీ పెట్టింది. మనిషికి ఒక్కటంటే ఒక్కటే తూటా. దానికోసం వారమంతా ఎదురుచూసేవాళ్ళం.

అబ్బ, ఆ శనివారాలు! వరసంతా నిశ్శబ్దం, పందిరి రేకు మీద గాలి చప్పుడు మాత్రం. ఒక్కొక్కరే కాలుస్తుంటే మిగతావాళ్ళందరికీ ఊపిరాడదు. ఒకసారి నా వంతు వచ్చింది. గురి కుదిరింది. మీట నొక్కాను. టక్. అంతే! పేలలేదు. వారమంతా దాచుకున్న నా ఒక్క తూటా తుస్సుమంది. లేవబోయాను.

"కదలకు. ముందుకే చూపించి ఉంచు" అంది వెర్నా. ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుందట. చాలాసేపు అలాగే ఉంచి, తర్వాత తూటా బయటికి తీయించింది. దాని అంచు మీద చిన్న సొట్ట. "ఈ బుజ్జిదానికి పేల్చే మందు అంచు చుట్టూ ఉంటుంది. ఒకచోట మొద్దుగా ఉంటే ఇంకోచోట దెబ్బ తగలాలి. తిప్పి పెట్టు."

తిప్పి పెట్టాను. పేలింది! నల్ల గుండ్రం నడిమధ్యన చిల్లు! వరసంతా ఒక్కసారి కేకలు. ఆ రోజు నాతో వచ్చిన సుబ్బలక్ష్మి వెర్నాని కావిలించుకుంది. డ్వేన్ లేచి, తన ట్రక్కు దగ్గరికి వెళ్ళి, డబ్బాలు చేతుల నిండా తెచ్చి ఆ లంచ్ డబ్బా పక్కన పేర్చాడు. పోటీ మాత్రం వాడే గెలిచాడు, వెంట్రుకవాసిలో. ఆ కొలత మీద నాకు ఇప్పటికీ అభ్యంతరం ఉంది.

వెర్నా పోతూ తన రైఫిల్‌ని రేంజ్ నడిపే క్లబ్‌కి ఇచ్చింది, కొత్తగా వచ్చేవాళ్ళు కాల్చుకోవడానికి. అంత చరిత్ర ఉన్న కర్రని తీసేస్తే నేను ఊరుకుంటానా? క్లబ్‌కి ఇప్పుడు సెక్రటరీ హారిక. మన తెలుగువాళ్ళమ్మాయే, ఇక్కడే పుట్టిపెరిగింది, మా ఊరి ఆఫీసుల పేట లాస్ కొలీనాస్‌లో ఉద్యోగం. ఆమెకి మెయిల్ పెట్టాను. జవాబు లేదు. మళ్ళీ పెట్టాను. రంపం సంగతి, పెళ్ళిరోజు బహుమతి సంగతి, డ్వేన్ మాట, దానికి వెర్నా ఇచ్చిన జవాబు, ఇప్పుడు మీకు చెప్పినవన్నీ సాక్ష్యంగా పొల్లుపోకుండా రాశాను. చివరి మెయిల్‌లో ఒకే ఒక్క ప్రశ్న వేశాను: దసరా వస్తోంది, నన్ను బొట్టు ఎక్కడ పెట్టమంటారు?

వెర్నా దగ్గర నేను నేర్చుకున్నవాటిలో గురి కన్నా ఎక్కువ వాడుకున్నది ఆ ఒక్క మాట, తిప్పి పెట్టు. గిడ్డంగిలో కొత్త మేనేజరు నా మాట విననప్పుడు అదే మాటని ఇంకోవైపునుంచి చెప్పాను, విన్నాడు. ఇంట్లో సుబ్బలక్ష్మి అలిగినప్పుడూ అదే చేశాను. మొద్దుబారిన చోటే మళ్ళీ మళ్ళీ కొట్టకుండా ఉండడం ఆవిడే నేర్పింది. హారికకి రాసిన మెయిళ్ళన్నీ ఒకేచోట కొట్టానేమో, అందుకే పేలలేదని అనుకుంటూ, ఈసారి మెయిల్ కాకుండా మనిషినే రేంజ్‌కి వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాను. హారిక చేతిలో పని ఆపి, నావైపు తిరిగి చెప్పింది:

"సారీ అంకుల్, మీకు ఫేస్ టు ఫేస్ చెప్దామనే రిప్లై ఇవ్వలేదు. మీ మెయిల్స్ అన్నీ చదివాను, రెండుసార్లు. కర్ర త్రో చేయలేదు, నా కార్ ట్రంక్‌లో ఉంది, మీరే ఉంచుకోండి. కానీ కొత్తవాళ్ళకి అది ఫిట్ అవట్లేదు. మా అమ్మకి పొడుగయింది, వీల్‌చెయిర్‌లో వచ్చినాయనకి ఇంకా పొడుగయింది. ప్రతివాళ్ళకీ రంపం తెస్తే లాస్ట్‌కి కర్రే ఉండదు కదా? దీన్నయితే ఎవరికి కావాల్సినట్టు వాళ్ళకి సెట్ చేయొచ్చు. వెర్నా గారు కర్ర కోసినప్పుడు కోప్పడింది ఎవరో మీరే రాశారు. ఇప్పుడు డ్వేన్ మీరే, అంకుల్. దసరాకి కుంకుమ తెండి. ప్లాస్టిక్ మీద కూడా అంటుకుంటుంది, నేను ట్రై చేశాను."