మగ్గం గుంటలో పాప

వారమైంది, మా కోడలి ముఖం నేను సూటిగా చూడలేకపోతాండాను. అరవై ఎనిమిదేళ్ల దాన్ని, ఐదేళ్ల పిల్ల ముందర తల దించుకోవాల్సి వచ్చింది. టీ తాగుతా వినండి. మధ్యలో నవ్వితే మాత్రం గ్లాసు లాక్కుంటా.

మాది ఎమ్మిగనూరు. ముందు గదిలో గుంట మగ్గం, నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వేలాడేసి నేసేది, దాని మీద మా కోడలు సుజాత. కొడుకు పొద్దున్నే ఆదోని బస్సెక్కి జిన్నింగ్ మిల్లుకు పోతాడు. వెనక గది నాదీ, నా ఇద్దరు మనవరాళ్లదీ. సింధుకు ఎనిమిది, పింకీకి ఐదు. ఒకే చాప, ఒకే దుప్పటి, రోజుకు పద్నాలుగు యుద్ధాలు. పడుకునేటప్పుడు పెద్దదానికి దయ్యం కథ కావాల, చిన్నదానికి రాజకుమారి కథ కావాల. ఒకరికి చెప్తే ఇంకొకరు కాళ్లు విసురుతారు. ఆ తన్నులన్నీ మధ్యలో పడుకున్న నాకే. పొద్దున లేచేసరికి నా నడుము మీద మార్కెట్ యార్డు పత్తంతా దించినట్టుండేది.

అందుకని ఇద్దరికీ సరిపోయే కథ ఒకటి కల్పించినాను. మా మగ్గం గుంటలో ఒక రాజకుమారి పాప ఉంది, దయ్యం ఆమెను మగ్గం మీది పడుగు దారాలతో కట్టేసింది అని.

"ఆ పోగులు తెగితే బయటికొస్తాదా జేజీ?" అనింది సింధు.

"రాకేం. వచ్చి మీతోనే ఈ చాప మీద పడుకుంటాది."

"మరి అన్నం?" అనింది పింకీ, అప్పటికే ఏడుపు గొంతుతో.

"తిని ఏడేళ్లయింది." ఏడు చాలదనిపించి, "డెబ్బై ఏళ్లు," అని దిద్దినాను. నా నోటికి చిన్న అంకెలు రుచించవు. ఆపైన ఇంకో మాట కూడా తగిలించినాను: "మీ అమ్మకు చెప్తే ఆ పాప రాయి అయిపోతాది." కోడలికి తెలిస్తే, పిల్లలకు ఈ అబద్ధాలేంది అని అడుగుతుందని నా భయం.

వారం రోజులు కథ సీరియల్ మాదిరి నడిచింది. ఇద్దరూ కదలకుండా వింటాంటే నాకు ఒకటే గర్వం.

అప్పుడు మగ్గం మీద ఉన్నది మామూలు చీర కాదు. సుజాత పన్నెండేళ్లుగా ఎవరెవరి పెళ్లిళ్లకో నేసింది గానీ, తనవాళ్లకు ఒక్కటీ నేయలేదు. ఈసారి కోసిగిలో సొంత చెల్లెలి పెళ్లి, ఆదివారం. "నా చేత్తో నేసిన చీరలోనే అది పీటల మీద కూర్చోవాల అత్తా," అని ఎన్నిసార్లు చెప్పిందో. మెరూన్ రంగు, సన్న జరీ అంచు. కొంగు ఒక్కటే మిగిలింది.

బుధవారం పొద్దున సుజాత జరీ తెచ్చేకి బజారుకు పోతా, "పిల్లల్ని చూసుకో అత్తా," అనింది. చూసుకున్నాను. గడప బయట కూర్చొని, నా పెళ్లిలో మూడు వేల మంది భోంచేసినారని ఎదురింటామెకు చెప్తా చూసుకున్నాను.

లోపలికి వస్తే సింధు చేతిలో కత్తెర. సగం పడుగు తెగి రెండు పక్కలా వేలాడతాంది. గుంట అంచున పళ్లెంలో ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు, చెంబుతో నీళ్లు. పింకీ బోర్లా పడుకొని గుంటలోకి పిలుస్తాంది: "అక్కా, రా. భయపడొద్దు. మా జేజి మంచిది."

అంతలోనే సుజాత వచ్చింది. చేతిలోని కవరు జారిపోయింది. "ఎవరు చేసినారు అత్తా ఇది?"

చెప్పేకి సిగ్గుగా ఉంది. "పిల్లి," అన్నాను.

"కత్తెర పట్టిన పిల్లా?"

"పెద్ద పిల్లి. మేకంత ఉండింది."

సుజాత సింధును లాగి వీపు మీద ఒకటి వేసింది. "ఎందుకు కోసినావే? చెప్పు." ఆ పిల్ల పెదాలు బిగించింది. చెప్తే గుంటలో పాప రాయి అయిపోతాదని. ఇంకొకటి పడింది. అయినా నోరు తెరవలేదు. మూడోది పడింది. ఈ లెక్క మాత్రం నేను పెంచి చెప్పడం లేదు. మూడు దెబ్బలు పడేదాకా నేను గోడకు ఆనుకొని చూస్తా ఉన్నాను.

పింకీ నా కొంగు లాగింది. "జేజీ, నువ్వు చెప్పు. పెద్దోళ్లు చెప్తే రాయి కాదేమో."

చెప్పినాను. దయ్యం, పాప, డెబ్బై ఏళ్ల ఆకలి, అన్నీ. సుజాత కింద పడిన కవరు తీసి పక్కన పెట్టింది. సింధు వీపు నిమిరింది. నాతో ఒక్క మాటే అనింది: "పొయ్యిలో బూడిద తీసుకురా అత్తా."

పోగు అతకాలంటే వేళ్లకు బూడిద అద్దుకొని ఒక్కొక్కటీ మెలిపెట్టాల. కళ్లు సరిగ్గా ఆనక మగ్గం పని మానేసినదాన్ని, మళ్లీ కూర్చున్నాను. సింధు కొసలు ఏరి ఇచ్చింది. రెండు రోజులు ముగ్గురం తలలెత్తలేదు. ఆపైన సుజాత కొంగు నేసింది, శనివారం దీపాలు పెట్టే వేళకు చీర మగ్గం దిగింది, కొంగులో అడ్డంగా ఒక అతుకుల గీతతో.

"మడతల్లో కలిసిపోతాదిలే," అనింది సుజాత. తిట్టింటే బాగుండు.

ఆదివారం పెళ్లికూతురు ఆ చీరలోనే పీటల మీద కూర్చుంది. సుజాత చెల్లెలిని చూస్తా కళ్లు తుడుచుకుంది. నేను వంటల దగ్గర, ఎవరికీ కనపడకుండా, నోరెత్తకుండా కూర్చున్నాను. మా చుట్టాలు నాకు ఒంట్లో బాగలేదనుకున్నారు.

ఇంటికొచ్చి పడుకున్నాక పిల్లలు కథ అడగలేదు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు సింధు మొదలుపెట్టింది. "పింకీ, ఈ పొద్దు నేను చెప్తా. ఒక ఊళ్లో ఒక జేజి ఉండేది."

"దయ్యమా, రాజకుమారినా?"

"రెండూ కాదు. పిల్లి చేసింది అనింది. మనవరాలికి దెబ్బలు పడతాంటే గోడకు ఆనుకొని చూసింది."

నేను దుప్పటి ముఖం మీదికి లాక్కొని గట్టిగా గురక తీసినాను.

పింకీ వేలితో నా డొక్కలో పొడిచింది. "జేజీ, నిద్రపోవద్దు. ఊ కొట్టు."

కొట్టినాను.