మాల తీసిన మర్నాడు

శివనాగరాజు మాల తీసే రోజు దగ్గర పడుతోందంటే దుర్గకి అన్నం సయించేది కాదు. ఎవరింట్లోనైనా శబరిమల నుంచి స్వామి తిరిగొచ్చేడంటే సంబరం. ప్రసాదం పంచుతారు, కొండ మీద తీసుకున్న ఫొటోలు చూసుకుంటారు. ఈవిడ మాత్రం మొగుడు ఇంకో నాలుగు రోజులు ఆ కొండ మీదే ఉండిపోతే బావుణ్ణనుకునేది. ఎందుకంటారా? మెళ్లో మాల ఉన్నంతకాలం నాగరాజంత బుద్ధిమంతుడు అంబాజీపేట చుట్టుపక్కల కాగడా పెట్టి వెతికినా దొరకడు. చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, కటిక నేల మీద పడక. మందు వాసన వస్తే వీధి మార్చి నడిచేవాడు. మాల తీసిన మర్నాడు పొద్దున్నే మళ్లీ సీసా పట్టేవాడు. ఒకేడా రెండేళ్లా! ఏటా ఇదే తంతు.

నాగరాజు దింపు మనిషండి. కొబ్బరిచెట్టెక్కి కాయ దింపడమే పని. చెట్టెక్కే మోకూ, గెల కోసే కత్తీ రెండూ తండ్రివే. చెట్టు మొదట్లో మోకు బిగించేడంటే కళ్లు మూసి తెరిచేలోపు చెట్టు చివర మొవ్వులో కనపడేవాడు. తాగినా గొడవ చేసే రకం కాదు. పెళ్లాన్ని పల్లెత్తు మాట అనడు, కూతురు వాణి చదువుకి లోటు చెయ్యడు. అరుగు మీద గోడకి చేరబడి, మాటా పలుకూ లేకుండా తాగుతాడు. అదే దుర్గకి ఇంకా కష్టంగా ఉండేది. తిట్టేవాణ్ణయితే తిరిగి తిట్టొచ్చు, పలకనివాణ్ణి ఏం చేస్తాం చెప్పండి?

ఆవిడ చెయ్యని ప్రయత్నం లేదు. కూతురి తల మీద ఒట్టేయించింది. ద్రాక్షారామం భీమేశ్వరుడికి మొక్కుకుంది. ఎవరో ఇచ్చిన పొడి పులుసులో కలిపి పెడితే, మానడం మాట దేవుడెరుగు, వాంతులు పట్టుకుని మనిషి ప్రాణం మీదకొచ్చింది. తాగుడు మాన్పిస్తామని బోర్డు కట్టుకున్న చోటొకటి ఉంటే అక్కడ కొన్నాళ్లు ఉంచింది. అక్కడ శుభ్రంగా ఉన్నాడు. బుగ్గలొచ్చి, నిగనిగలాడుతూ ఇంటికొచ్చేడు. పన్లోకి దిగిన రోజే తాగేడు. దాంతో చుట్టాలందరూ కూచుని తేల్చేసేరు, వీడి మనసు గట్టిది కాదు, వీడికి మాల ఒక్కటే మందని. కార్తీకం రాగానే మాల వేయించడం, తీసిన మర్నాడు తలలు పట్టుకోవడం. వాళ్లకీ అది అలవాటైపోయింది.

సరిగ్గా ఆ మర్నాడే ఎందుకంటే, దానికీ ఓ కారణం ఉంది. జట్టుకి మేస్త్రీ శ్యామ్ బాబు. కొండకెళ్లొచ్చిన చెయ్యి మొదట పడితే ఆ ఏడు తోట విరగకాస్తుందని ఆయనకో నమ్మకం. అందుకని మాల తీసిన మర్నాడు జట్టంతా తోటలో చేరేవారు. ఓ చెట్టుకి పసుపు రాసి, కర్పూరం వెలిగించి, మొదటి గెల నీ చేత్తోనే దింపాలని నాగరాజుని ముందుకి తోసేవారు. ఇన్నాళ్లూ నోరు కట్టుకున్న మనిషి కదా అని, ఓ సీసా కూడా ఆ పసుపు చెట్టు మొదట్లోనే పెట్టేవారు. గౌరవమండి అది! జట్టులో మాల వేసేవాళ్లు ఇంకొందరున్నా, నియమంలో నాగరాజుని మించినవాడు లేడని అంత మర్యాద ఇంకెవరికీ దక్కేది కాదు. నాగరాజు సీసా ఎత్తి సగం ఖాళీ చేసి, మోకు బిగించి ఎక్కేవాడు. ఇంక ఏడాదంతా అంతే.

అలా తాగి తాగి, కిందటేడు కళ్లు పచ్చబడ్డాయి. కాలేయం పాడవుతోంది, ఇలాగే ఉంటే మనిషి దక్కడని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేసేడు. దుర్గ ఇంట్లోకొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, మర్నాడు మొగుణ్ణి అమలాపురం ఆసుపత్రికి లాక్కెళ్లింది. అక్కడ తాగుడు మాన్పించే గదిలో సుప్రియ అని ఓ కౌన్సిలరు ఉంది, రాజోలు వైపు మనిషి.

నాగరాజు కుర్చీ అంచున కూచుని, తిట్లకి సిద్ధమై తల దించేసుకున్నాడు. ఆవిడ తిట్టలేదు, ఒట్టేయమనలేదు. ఎంత తాగుతారని కూడా ముందు అడగలేదు. మొదటి గుక్క ఏ వేళప్పుడు పడుతుందని అడిగింది. పొద్దున్నేనండి, చెట్టెక్కేముందు, అని దుర్గ చెప్పింది. మరి మానేసిన రోజులేమైనా ఉన్నాయా అని అడిగితే, మాలలో ఉండగా ముట్టరండి, అంతా ఆ స్వామి దయ అంది. మాలలో పనికెళ్తారా అని ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. దానికి నాగరాజే నోరు విప్పేడు. కొబ్బరికాయంటే అయ్యప్పకి నెయ్యి మోసుకెళ్లే కాయ కదండీ, మాలలో ఉండి ఆ చెట్టుకి కాలు ఆనించకూడదండి, ఆ రోజుల్లో కింద కూచుని కాయ ఒలుస్తానండి అన్నాడు. ఎంతో భక్తిగా అన్నాడు. ఊరంతా మెచ్చుకున్న నియమం అది.

సుప్రియది చర్చికెళ్లే కుటుంబం. మాల సంగతులు ఆవిడకేం తెలుసు? తెలియకే అడిగింది.

"అలాగాండి? మాల వేసుకున్నవాళ్లెవరూ చెట్టెక్కరా అండి?"

"ఎక్కుతారండి," అంది దుర్గ. "మా జట్టులో పెద్దాయన, జగ్గయ్య మావయ్యగారు మాలతోనే ఎక్కుతారు. మిగతావాళ్లూ అంతే." అనేసి, తన నోట్లోంచి వచ్చిన మాట తనే విని, మొగుడి వైపు తిరిగింది.

అందరూ ఎక్కుతారు, ఈయనొక్కడే ఎక్కడు. ఎక్కని రోజుల్లో తాగడు. ఆ బోర్డు కట్టిన చోట ఎక్కడానికి చెట్టు లేదు, అక్కడా తాగలేదు. కళ్లెదుట ఇంత సంగతి కూచునుంటే, అయ్యప్ప మీద భారం వేసేసి అందరూ హాయిగా ఉన్నారు. నాగరాజు కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకున్నాడు. ఇది స్వామి దయ కాదని, చెట్టు దగ్గరే ఏదో ఉందని దుర్గకి ఆ పూట అర్థమైంది.

ఆ రోజు అతనేం చెప్పలేదు. సుప్రియా గుచ్చి గుచ్చి అడగలేదు. మందులిచ్చి, వారం వారం రమ్మంది. అలా కొన్నాళ్లు తిరిగేక, ఓ మధ్యాహ్నం దుర్గ పక్కనుండగానే చెప్పేడు.

క్రాంతికుమార్ అని జట్టులో నాగరాజుకి జతగాడు ఉండేవాడు. దుర్గకి పెదనాన్న కొడుకు, తమ్ముడి వరస. చెట్టు మీద అతను పట్టుకున్న మట్ట ఊడొచ్చి, నాగరాజు చూస్తుండగా కిందపడి ప్రాణాలు వదిలేడు. అంతవరకూ అందరికీ తెలుసు. జట్టులో ఓ ఆచారం ఉంది. మనిషి పడిన చెట్టు మొదట్లో కాస్త మందు పోసి, మిగిలింది తలో గుక్క వేసుకుని, మర్నాడే అందరూ చెట్టెక్కాలి. లేకపోతే భయం ఒంట్లో కూచుంటుందంటారు. ఆ తర్వాత ఆ చెట్టు ఊసు ఎవరూ ఎత్తకూడదు. నాగరాజు ఆ గుక్క వేసుకుని ఎక్కేడు, కాళ్లు వణకలేదు. ఆ మర్నాడు వేసుకోకుండా మోకు పట్టుకుంటే కాళ్లు నిలవలేదు. మళ్లీ వేసుకున్నాడు. అలా మొదలైంది.

ఎవరికీ తెలియనిది ఇంకోటుంది.

"ఆ చెట్టు నేనెక్కవలసింది దుర్గా," అన్నాడు. "టీ తాగుతున్నాను. నువ్వు తాగు బావా, నేనెక్కేస్తాను అన్నాడు వాడు. సరే అన్నాను."

దుర్గ తమ్ముడి కోసం ఏడ్చింది. ఆ ఏడుపులోనే కోపమూ వచ్చింది, ఇన్నేళ్లూ ఇది కడుపులో పెట్టుకుని తనని దూరంగా ఉంచినందుకు. చివరికి, "నా మొహం చూడ్డం ఇష్టంలేక తాగుతున్నారనుకున్నానండి," అంది.

"నీ మొహంలో వాడి పోలికలుంటాయి," అన్నాడు నాగరాజు. "చూడలేకపోయేవాణ్ణి."

ఆ సాయంత్రం సర్వీసాటోలో ఇద్దరూ ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని ఇంటికొచ్చేరు. పెళ్లయిన కొత్తలో కూడా అలా కూచోలేదని దుర్గ తర్వాత సిగ్గుపడుతూ చెప్పుకునేది.

ఆయ్, అక్కడితో అయిపోయిందనుకుంటున్నారేమో. అంత సులువైతే ఇంకేం! ఒంటికి డాక్టరు మందులు, లోపలిదానికి సుప్రియ మాటలు, రెండూ సాగేయి. టీ తాగడం తప్పు కాదని, మట్ట కుళ్లిన సంగతి పైకెక్కితే గాని ఎవరికీ తెలియదని, క్రాంతి కాకపోతే తనే పడుండేవాడని ఆవిడ చెప్పేది. అతను తల ఊపేవాడు గాని నమ్మడానికి చాలాకాలం పట్టింది. క్రాంతి పోయిన దగ్గర్నుంచీ వాళ్లమ్మ ఇంటి ముందుగా నడవనివాడు, ఓ ఆదివారం వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూచుని అంతా చెప్పేసేడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. ఇన్నాళ్లూ మొహం చాటేసినందుకు తిట్టింది, అంతే. తర్వాత అన్నం పెట్టింది.

ఎవరైనా ఎలా మానేవయ్యా అనడిగితే నాగరాజు తన పద్ధతిలో చెప్పేవాడు. చెట్టు లోపల ఎర్రముక్కు పురుగు తొలుస్తుంటే, మనం పైన ఎండిన మట్టలు కొట్టుకుంటూ కూచున్నామండి అనేవాడు.

ఒళ్లు బాలేదని శ్యామ్ బాబుకి చెప్పి, ఆ ఏడు కింద పని తీసుకున్నాడు. గునపం మీద కాయ ఒలవడం, రాశి పోయడం, లారీకి ఎత్తడం. ఇదివరకు మాల రోజుల్లో చేసిన పనే. మొదట్లో అరిచేతులు బొబ్బలెక్కేయి, కూలీ కూడా తక్కువే. అయినా సాయంత్రానికి ఆకలేసి ఇంటికొచ్చేవాడు. వంకాయ కూరలో ఉప్పెక్కువైందని ఓ రోజు నాగరాజు వంక పెడితే, దుర్గ లోపలికెళ్లి నవ్వుకుంది. ఎన్నేళ్లైందండి ఆ మనిషికి ఉప్పూ కారం తెలిసి!

వానాకాలంలో ఓ దెబ్బ తగిలింది. అల్లవరం దగ్గరెవరో దింపు మనిషి పడ్డాడని రాశి దగ్గర అనుకుంటుంటే విన్నాడు. ఆ పూట తాగేసేడు. వాణి వచ్చి దుర్గకి చెప్పింది. అయిపోయింది, మళ్లీ మొదటికొచ్చింది అనుకుంది దుర్గ. కానీ మర్నాడు లేచి చూస్తే మనిషి చొక్కా తొడుక్కుని అమలాపురం బయల్దేరుతున్నాడు, ఎవరూ చెప్పకుండానే. సుప్రియ ఆ రోజూ తిట్టలేదు, నిన్న ఏం విన్నారని అడిగింది.

కార్తీకంలో మళ్లీ మాల వేసుకున్నాడు. తాగుడు లేదు కదా, ఇంకెందుకని చుట్టాలు అడిగితే, ఈసారి దేవుడి కోసమేనండి అన్నాడు. కొండకెళ్లొచ్చేడు, గురుస్వామి మాల తీసేరు. దుర్గకి అలవాటు ప్రకారం అన్నం సయించలేదు.

మర్నాడు తోటలో అంతా ఎప్పట్లాగే ఉంది. చెట్టుకి పసుపు, కర్పూరం, మొదట్లో సీసా. ఒళ్లు కుదుటపడింది కదా, ఇంక పైకి వచ్చెయ్యమని శ్యామ్ బాబు మోకు చేతికిచ్చేడు. తోట గట్టు మీద దుర్గా, వాణీ నించున్నారు. ఒళ్లు బాలేదని ఇంకోసారి చెప్పొచ్చు, ఎవరూ కాదనరు. కానీ ఒళ్లు బాగానే ఉంది. ఆ అబద్ధం పట్టుకుంటే వెనకాలే సీసా వస్తుందని అతనికి ఇప్పుడు తెలుసు. నిజం చెప్తే జట్టులో పరువుండదు. దింపు మనిషి నోట భయమన్న మాట ఆ తోటల్లో అంతవరకూ ఎవరూ విని ఎరగరు.

నాగరాజు మోకు కింద పెట్టేడు.

"నాకు చెట్టంటే భయమండి," అన్నాడు. "క్రాంతి పడ్డ దగ్గర్నుంచీ భయమే. ఆ భయానికే తాగేను. నేనింక ఎక్కను."

కర్పూరం దానంతటదే ఆరిపోయింది. అప్పుడు జగ్గయ్య కదిలేడు. జట్టుకంతటికీ పెద్ద, మొండి గుండె అని పేరు. గోదారి గాలికి ఊగే చెట్టు మీద కూచుని చుట్ట కాల్చేవాడు. ఆయన నాగరాజు పక్కకొచ్చి, పంచె మడతలోంచి ఓ చిన్న సీసా తీసి, ఆ పెద్ద సీసా పక్కన పెట్టేడు.

"నాకూ భయమేరా," అన్నాడు. "మా అన్న పడ్డప్పట్నుంచి."

శ్యామ్ బాబు ఆ రెండు సీసాల వంక చాలాసేపు చూసేడు. చూసి, ఇవాళ్టికి దింపు లేదు, అందరూ ఇళ్లకి పొండి అన్నాడు. ఆ ఏడు తోట ఎలా కాసిందంటారా? ఎప్పట్లాగే కాసింది.

మరుసటి వారం అమలాపురం వెళ్లే సర్వీసాటోలో నాగరాజు పక్కన జగ్గయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని కూచున్నాడు. ఊరు దగ్గర పడుతుంటే, ఆవిడేం అడుగుతుందిరా అని గొంతు తగ్గించి అడిగేడు.

"మొదటి గుక్క ఏ వేళప్పుడని అడుగుతారు మావయ్యా."

"అంతేనా?"

"అంతే. తర్వాత మీకే చెప్పాలనిపిస్తుంది," అన్నాడు నాగరాజు, ఆయన చేతి మీద చెయ్యేసి.