కల్లంలో అందరికీ వచ్చే దగ్గు

ఆ రోజు కల్లంలో మిర్చి టిక్కీ బస్తాని కాటా మీదికి ఎత్తబోయి మధ్యలోనే దించేశాను. ఊపిరి అందలేదు. దగ్గు ఆగలేదు.

"ఘాటన్నా. కల్లంలో దగ్గనోడెవడు?" అని తమ్ముడు నాగుల్‌మీరా నవ్వాడు. నిజమే అనుకున్నాను.

సీజన్ అయిపోయింది, కల్లం ఊడ్చేశారు. దగ్గు మాత్రం పోలేదు. పడుకుంటే ఎక్కువయ్యేది, లేచి కూర్చుంటే తగ్గేది. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. గుంటూరులో డాక్టరుగారు గుండెకు ఎకో స్కానింగ్ తీశారు.

"డైలేటెడ్ కార్డియోమయోపతి. గుండె కండరం సాగి బలం తగ్గింది. ఈఎఫ్ ఇరవై ఐదు శాతం."

నేను బడికి పోకుండా లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. "మిగతా డెబ్బై ఐదు ఏమైనట్టండి?" అని అడిగాను.

"నూరు ఎవరికీ ఉండదండి. గుండె నిండిన రక్తంలో ఒక్కసారికి ఎంత బయటికి తోస్తుందో ఆ లెక్క. యాభై ఐదు ఉంటే బాగున్నట్టే."

యాంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో పోయారా అని అడిగారు. మా నాన్న నలభై దాటగానే పత్తి చేలో పడి చనిపోయాడు. వడదెబ్బ అనుకున్నాం.

"అయితే ఇది వంశంలో వచ్చేది కావచ్చు. మీ తమ్ముడికీ ఎకో తీయాలి. బాగానే ఉన్నా తీయాలి."

వాడు రాలేదు. "నీ గుండె సాగిందని నాదీ కొలిపిస్తావా?" అన్నాడు.

నాకు మందులు పడటానికి నెలలు పట్టింది. బీపీ పడిపోయి కళ్లు తిరిగేవి. ఊపిరితిత్తుల్లో నీరు చేరి మళ్లీ అడ్మిట్ అయ్యాను. కోలుకునేసరికి మళ్లీ సీజన్ వచ్చి, తమ్ముడి మిరపకాయ కల్లంలో ఎండుతోంది. వాడు దగ్గుతున్నాడు.

"నాకూ ఇలాగే మొదలైందిరా. రేపు పోదాం పద."

"నీది రోగమన్నా, నాది ఘాటు. కాయ ఆరనీ, వస్తా."

ఆ వారంలోనే మబ్బు పట్టింది. రాశుల మీద పట్టలు కప్పుతూ వాడు కాయల్లోనే బోర్లా పడ్డాడు. ఘాటుకు ఊపిరాడక పడిపోయాడనుకుని కూలీలు ముక్కు దగ్గర ఉల్లిపాయ నలిపి పెట్టారు, తువాళ్లతో విసిరారు. నేను వెళ్లేసరికి ఇంకా విసురుతూనే ఉన్నారు. ఒళ్లు చల్లబడింది.

"మందులు మింగి మీరు బతికారుగా బావగారూ," అంది మరదలు, నలుగురిలో. 

ఇప్పుడు నా ఈఎఫ్ నలభై. బస్తాలు ఎత్తను, కూర్చుని తూకాలు రాస్తాను. తమ్ముడిది ఎంత ఉండేదో ఎవరికీ తెలియదు, ఎవరూ కొలవలేదు.

ఈ జబ్బు ఉందని మీకు చెప్పిన రోజునే డాక్టరుగారిని అడిగి, తోబుట్టువులకూ పిల్లలకూ ఎకో తీయించండి. పంట ఇంటికొచ్చాక చూద్దాం అంటారు వాళ్లు. ఒప్పుకోకండి.