వేరే లోకంలోని అమ్మ

మా అమ్మాయి స్నేహ ఒక లోకం నుంచి మరో లోకానికి ప్రయాణించే కథలు రాస్తుంది. ఈ సాయంత్రం మా ఊళ్లోని సాక్చిలో కొత్త రచయితల సభలో తన కథ చదవాల్సి ఉంది. మధ్యాహ్నానికి కూడా ముగింపు దొరకలేదు. కథలో అమ్మాయి పొరపాటున అచ్చం మన లోకం లాంటిదే ఇంకో లోకానికి చేరుకుంటుంది. మేముండే పేట అదే బారిడీహ్, అదే ఇల్లు, అదే అమ్మ. అది తన ఇల్లు కాదని ఎలా తెలియాలి?

"ఆకాశంలో ఇద్దరు చంద్రుళ్లుంటే? ఛీ, అందరూ అదే రాత్తారు" అని తనే కొట్టేసింది.

"ఆ లోకంలో అమ్మ బియ్యం కడిగేటప్పుడు ఆ పిల్లని చూడమనమ్మా" అన్నాను.

మావారు నవ్వారు. "సైన్సు కథలో బియ్యమేటే? దాన్ని రాసుకోనీ."

నేను రోజూ లాగే ముందు ఒక గుప్పెడు బియ్యం దేవుడి డబ్బాలో వేసి, మిగతావి కడిగాను. ఆదివారం ఆ బియ్యం చర్చికి తీసుకెళ్తాం. స్నేహ ఆ డబ్బా వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఆ అమ్మ దేవుడికి గుప్పెడు తియ్యదు! మిల్ గయా, దొరికేసింది మమ్మీ!" అని ఒక్క గంతు వేసింది.

ఇందాకే ఫోన్ చేసింది. ఆ గుప్పెడు బియ్యం వాక్యం చదవగానే హాలంతా ఒకటే చప్పట్లట. దేవునికి స్తోత్రం! రాత్రి వంటప్పుడు దేవుడి డబ్బాలోకి రెండు గుప్పెళ్లు తీశాను. మావారు గుమ్మంలోంచి చూసి, "హమ్మయ్య, నువ్వు నువ్వేలే" అన్నారు.

మరి మీరైతే మీ అమ్మను దేన్నిబట్టి గుర్తుపడతారు?