భాగహారంగారి ప్రధాన సంఖ్య

టైల్స్ పనుల సూపర్‌వైజర్‌ని పనివాళ్లందరూ భాగహారం అనేవారు, అదీ మొహం మీదే. ఆయనకు అందులో వెటకారం వినబడేది కాదు, బిరుదనుకునేవాడు. బస్సు మీద గానీ గేటు మీద గానీ పెద్ద అంకె కనబడితే చాలు, దాన్ని మూడుతో, ఏడుతో, పదకొండుతో భాగించి చూడందే ముద్ద దిగదు. దేనికీ తెగని సంఖ్య దొరికిందా, ఇక ఆయన్ని పట్టలేం. "అన్నం వడ్డించనా, దాన్నీ భాగిస్తారా?" అనేది భార్య.

ఆమె తమ్ముడే ఆయన దగ్గర మేస్త్రీ, మంచి పనిమంతుడు. ఓ మీటింగు హాలు నేలంతా జానెడేసి టైల్స్ పరిచాడు. ఒక్కటీ కొయ్యలేదు, ఒక్కటీ పగలనివ్వలేదు. పదివేలు దింపితే తొమ్మిది మిగిలాయని తెచ్చి బావగారి ముందు పెట్టాడు.

అంటే పట్టినవి తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభై ఒకటి. భాగహారం గోడకానుకుని కాగితం తీశాడు. ఏడుతో పోలేదు, పదమూడుతో పోలేదు, ఎనభై తొమ్మిదితోనూ పోలేదు. వంద వందలు పదివేలు కాబట్టి వందలోపు అంకెలతో చూస్తే చాలని ఆయనకు తెలుసు. ఇక తొంభై ఏడొక్కటే మిగిలింది. ఇంతసేపూ తెగనిది దీనికి తెగుతుందా ఏంటని కాగితం మడిచేశాడు.

"ఇది ప్రధాన సంఖ్యరా! అడ్డం ఇన్ని, నిలువు ఇన్ని అని గుణిస్తే ఈ లెక్క చచ్చినా రాదు. మిగిలింది తొమ్మిది కాదు, ఇంకా ఉండాలి. అవేవి? నీ కొత్తిల్లు ఎందాకా వచ్చింది?"

పనివాళ్లంతా విన్నారు. మేస్త్రీ తాపీ కింద పడేసి, చేతులైనా కడుక్కోకుండా వెళ్లిపోయాడు.

ఇంట్లో భార్య కళ్లు తుడుచుకుంటూ, "ఎన్ని కాజేశాడో కూడా తేల్చుకురండి. అంతటి లెక్కల మనిషి, తేల్చలేరా?" అంది.

తేల్చుదామనే మర్నాడు హాలుకు వెళ్లాడు. గోడ వెంట వంగి ఒక వరస లెక్కపెట్టాడు. తొంభై ఏడు. రెండో గోడ వెంట లెక్కపెట్టాడు. నూట మూడు. వందకు మూడు తక్కువ, వందకు మూడు ఎక్కువ. గుణిస్తే పదివేలకు తొమ్మిది తక్కువ! అంత కాగితం ఖరాబు చేసే బదులు ఆ రోజే తల వంచి కాళ్ల కింద చూసుకున్నా సరిపోయేది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఖాళీ హాల్లో కూడా ఎవరైనా చూస్తున్నారేమోనని గోడవైపు తిరిగాడు.

అక్కణ్నుంచి నేరుగా బావమరిది దగ్గరికి వెళ్లాడు. కొత్తింట్లో గోడలైతే లేచాయి గానీ, నేల ఇంకా ఒట్టి సిమెంటే.

"తప్పు నాదేరా," అన్నాడు ఆ నేలకేసి చూస్తూ. "తొంభై ఏడుతో పోతుంది. నేనే అందాకా చూడలేదు. రేపు అందరి ముందూ చెప్తాను."

"చెప్పండి బావా," అన్నాడు మేస్త్రీ. "ఒకవేళ పోకపోయుంటే? నేను దొంగనేగా మీకు?"

మేస్త్రీ భార్య కుర్చీ తెచ్చి వేసినా, కూర్చోడానికి భాగహారానికి మొహం చెల్లలేదు.