చెట్టుకు కట్టిన నూలు చీర

మా అమ్మ ట్రంకు పెట్టె అడుగున ఒక నూలు చీర ఉండేది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. సిరిసిల్లలో ఉన్నప్పుడు పుట్టింటివాళ్లు పెట్టింది. ఏడాదికోసారి తీసి ఎండలో ఆరేసి, కలరా ఉండలు మార్చి, మళ్లీ మడతపెట్టి దాచేది. తను కట్టదు, ఇంకొకరిని కట్టనివ్వదు. ఎందుకమ్మా అంటే దాపరికం లేకుండా చెప్పేది.

"నేను పోయిన్నాడు నా మీద గిదే కప్పాలె. మీ సూరత్ పాలిస్టర్ కప్పకుండ్రి కొడకా. అది నిప్పుల కాలది, కరుగుతది. కరిగి పెయ్యికి అంటుకుంటది. సచ్చినంక గూడ నాకు గా బాధెందుకు?"

నాకు ఒళ్లు మండేది. ఆ పాలిస్టర్ నేసే ఇన్నేళ్లుగా ఇంత తింటున్నాం. కానీ మగ్గం పనివాడిని కదా, ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. కొస దారాన్ని అగ్గిపుల్లతో అంటిస్తే ఎలా ముడుచుకుపోతుందో రోజూ చూసేవాణ్ణి.

మేముండేది సూరత్‌లోని గోడాదరాలో, మూడో అంతస్తులో. నేను జోల్వాలో ఒక మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాను. అమ్మ సూరత్ వచ్చిన నాటి నుంచి కింద కూర్చుని కండెలు చుట్టింది. చివరికి మోకాళ్లు ఎదురు తిరిగాయి. డాక్టరు మాత్రలు రాశాడు, ఆపరేషన్ అయితే మంచిదన్నాడు. మాత్రలు వేసుకుంటే కడుపులో మంట, ఆపరేషన్ అంటే భయం. మొదట్లో మెట్ల మీద కూర్చుని కూర్చుని దిగేది. తర్వాత దిగడమే మానేసింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కింద పోయే కూరగాయల బండిని చూస్తూ గడిపేది. గొంతెత్తి ఒక్క బేరం కూడా ఆడేది కాదు. మా అమ్మ బేరమాడకుండా కూరగాయలు కొందంటే ఇక పని అయిపోయిందని నాకు నిజంగానే భయమేసింది.

నా పక్క మగ్గాల మీద డాంగ్ అడవుల నుంచి వచ్చిన ఒకతను పనిచేసేవాడు. వాళ్ల ఊళ్లో ఒక భగత్ ఉన్నాడనీ, ఆకూ చెక్కా ఇచ్చి నొప్పులు తగ్గిస్తాడనీ చెప్పాడు. సూరత్ నుంచి బస్సులో నాలుగు గంటల దూరం. చలికాలంలో ఒక సెలవు రోజు వెళ్లాను.

భగత్ నాతో పాటు అడవిలోకి నడిచాడు. గుజరాత్ మీదికొచ్చే మబ్బులన్నీ ముందు అక్కడే దిగి, మిగిలింది మాకు పంపిస్తాయి కాబోలు, చలికాలంలో కూడా ఆ నేల మెత్తగానే ఉంది. ఒక చెట్టు దగ్గర ఆగాడు. అక్కడివాళ్లు మేదా లకడి అంటారు, మన వైపు నరమామిడి అంటారు. చెట్టు మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగి, కాసేపు ఊరికే నిలబడ్డాడు. నేను బస్సు టైము చూసుకుంటున్నాను. ఒక పక్కన అరచేయంత బెరడు చెక్క మాత్రం ఒలిచి, ఆ గాయానికి తడిమట్టి మెత్తి, చెక్కను నా చేతిలో పెట్టాడు.

"ఇంతేనా దాదా?" అన్నాను.

"అయిపోయాక మళ్లీ రా. చెట్టు ఎక్కడికీ పోదు," అన్నాడు గుజరాతీలో. నేనిచ్చిన కొబ్బరికాయ తప్ప ఏమీ తీసుకోలేదు.

చెక్కను నూరి, వేడి చేసి మోకాళ్లకు పట్టు వేశాం. ఐదో రోజుకు అమ్మ ఒక అంతస్తు దిగింది. పదో రోజున కింద నుంచి గట్టిగా అరుపులు వినిపిస్తే కిటికీలోంచి తొంగిచూశాను. కొత్తిమీర కట్ట చిన్నదైందని బండివాడితో హిందీలో తెలుగు కలిపి కొట్లాడుతోంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత హాయిగా ఎవరి తగాదా నేనెప్పుడూ వినలేదు.

ఇక మా బిల్డింగ్ అంతా నా వెంట పడింది. పైవాళ్లకు నడుము, కిందివాళ్లకు భుజం, ఎదురింటాయనకు మెడ. అందరికీ తెస్తానని గొప్పగా మాటిచ్చాను. హోలీ పోయాక, అమ్మ చెక్క కూడా అయిపోయి నొప్పి మళ్లీ తొంగిచూస్తుంటే, గోనెసంచి చంకన పెట్టుకుని బయల్దేరాను. భగత్ భార్యకు ఇద్దామని మా కార్ఖానా గుడ్డ ఒక నాలుగు మీటర్లు కూడా పట్టుకెళ్లాను.

భగత్ ఇంట్లో లేడు. పక్క ఊరికి పెళ్లికి వెళ్లాడు, సాయంత్రానికి వస్తాడు అంది భార్య. నా బస్సేమో నాలుగింటికి. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. చెట్టు నాకు తెలుసు, కత్తి సంచిలో ఉంది, ఇంక ఆయనతో పనేముంది అనుకున్నాను. మాటిమాటికీ ఇంత దూరం రావడమెందుకు, ఏడాదికి సరిపడా ఒకేసారి తీసుకుంటే పోలేదా?

చెక్క కూడా భలే వచ్చింది. ఒకసారి అంచు లేపితే చాలు, మగ్గం మీది నుంచి గుడ్డ విప్పినట్టు చుట్టూ తిరిగి వచ్చేసింది. నా నడుము ఎత్తు నుంచి తల ఎత్తు దాకా ఒలిచాను. సంచి నిండింది. మూతి కడుతుంటే వెనక నుంచి అడుగుల చప్పుడు. భగత్ పెళ్లి నుంచి ముందే వచ్చేశాడు.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మొదట్లో చతికిలబడ్డాడు. ఒలిచిన మాను తెల్లగా, తడిగా మెరుస్తోంది. "చుట్టూ తీసేస్తే చెట్టు చస్తుంది. దాని తిండి దిగేది ఈ చెక్కలోంచే," అన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మందు దొరికిందని సంబరపడ్డాను గానీ, ఆ మందుకు ప్రాణముందని నాకు తట్టలేదు.

ఆయన లేచి వెనక వైపున్న ముళ్లకంపను పక్కకు లాగాడు. అక్కడ, కింది నుంచి పైదాకా నాలుగు వేళ్ల వెడల్పున చెక్క మిగిలి ఉంది. ముళ్లు గుచ్చుకుంటాయని నేను చెయ్యి పెట్టని చోటు.

"దీని మీద బతికితే బతకాలి," అన్నాడు. "నీ దయ కాదు, ముళ్ల దయ."

మట్టీ పేడా కలిపి గాయమంతా మెత్తాడు. దాని మీద చుట్టడానికి గుడ్డ కావాలన్నాడు. బతికానురా దేవుడా అనుకుని నా నాలుగు మీటర్లూ తీసిచ్చాను. ఆయన కొస మీద నీళ్లు పోశాడు. నీళ్లు జారి కింద పడ్డాయి. "ఇది తడి పట్టదు. కుళ్లదు. చెట్టు లావైతే దాని గొంతు పిసుకుతుంది. నూలు గుడ్డ కావాలి."

ఊళ్లో వెతికాం. ఆయన తలగుడ్డ పాలిస్టర్. భార్య చీర పాలిస్టర్. పక్కింటి దుప్పటీ అంతే. సంతలో కొన్నవన్నీ సూరత్ సరుకే. ఆ అడవి ఊరంతా మేం నేసిన బట్టే కట్టుకుని ఉంది, ఒక చెట్టుకు కట్టడానికి మాత్రం పనికొచ్చేది లేదు. చివరికి ఆయన ఆకులు కప్పి, తీగలతో కట్టి, రేపటికల్లా నూలు గుడ్డ తెమ్మన్నాడు. గాయం ఎండితే ఇంక ఎవరూ ఏమీ చెయ్యలేరన్నాడు. సంచి అక్కడే వదిలేసి బస్సెక్కాను.

ఇల్లు చేరగానే బీరువా అంతా కిందపడేశాను. చీరలు, దుప్పట్లు, పరదాలు, అన్నీ జారిపోయే గుడ్డలే. "ఏందిరా, గిట్ల ఇల్లు పీకుతున్నవు?" అంది అమ్మ. దాచడం నా వల్ల కాలేదు. అంతా చెప్పాను.

అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. చివరికి, "నీ అవ్వ కాళ్ల కోసమని చెట్టు కాళ్లు ఇరగ్గొట్టినవా? కూసున్న కొమ్మ నరుక్కున్నట్టు జేస్తివి గదరా! ఆ సంచిల చెక్క నా మోకాళ్లకు పెట్టినవో, చూడు మల్ల!" అంది.

కాసేపటికి మెల్లగా అడిగింది. "బతుకుతదంటనా?"

"గుడ్డ కడితే బతకొచ్చు అన్నడమ్మా."

ట్రంకు పెట్టె దగ్గరికి వెళ్లింది. అడుగు నుంచి ఆ ఆకుపచ్చ చీర తీసి నా ఒళ్లో పడేసింది. వద్దన్నాను. అది నీ చీర కదా, రేపు పొద్దున దుకాణం తెరవంగనే వేరే నూలు గుడ్డ కొంటానన్నాను.

"దుకాణం తెరిచేదాంక గాయం ఆగుతదా? నేనేమన్న రేపే పోతున్ననా? పొద్దుగాల మొదటి బస్సుకు పో!"

మర్నాడు భగత్ ఆ చీర చేతిలోకి తీసుకుని, నలిపి, వాసన చూసి తలూపాడు. ఇద్దరం కలిసి చెట్టుకు చుట్టాం. తడిపేసరికి నీళ్లు లోపలికి ఇంకాయి. పెళ్లికూతురిలా ఉందని ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అమ్మ పెట్టె అడుగున ఖాళీయే కళ్లముందు కనిపిస్తోంది.

గోనెసంచి చెక్కంతా ఆయనే తీసుకున్నాడు. ఎలాగూ తీసింది వృథా కాకూడదని నీడలో ఆరబెట్టాడు. ఆ ఏడాది ఊరి నొప్పులన్నింటికీ అదే వాడాడనీ, ఇంకో చెట్టుకు కత్తి పెట్టలేదనీ తర్వాత తెలిసింది. మరి మా అమ్మకో? అడగడానికి నాకు మొహం లేదు. ఆయనే వాగు గట్టు నుంచి ఒక మోపు రెమ్మలు కోసి ఇచ్చాడు. "ఇది ఎంత కోస్తే అంత చిగురుస్తుంది. చెక్క మొదటి ఒక్కసారికే. నడక వచ్చాక మీ అమ్మకు ఇది చాలు. కత్తి పెట్టే ముందు అడిగి ఉంటే చెప్పేవాణ్ణి."

ఇంటికి తెచ్చి వేడినీళ్లలో వేయగానే అమ్మ లేచి కూర్చుంది. "ఓరి, ఇది వావిలాకు గదరా! నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ నాకు దీంతోనే పోసింది నీళ్లు. సిరిసిల్లల కంచెలకు ఉంటుండె. గింత దూరం పోయి తెచ్చినవా?"

చెక్క పట్టు వేసినంత త్వరగా కాకపోయినా, కాపడం పెట్టగా పెట్టగా మోకాళ్లు మళ్లీ మాట విన్నాయి. నొప్పి పూర్తిగా పోలేదు, డాక్టరు మాత్ర అప్పుడప్పుడూ పడుతూనే ఉంది. రెండు రెమ్మలు నూనె డబ్బాలో నాటి మేడ మీద పెట్టాం. బిల్డింగ్ వాళ్లకు నేనిచ్చిన మాట ఆ డబ్బాతోనే తీర్చాను. భగత్ ఊరు ఎక్కడని అడిగినవాళ్లకు మాత్రం దారి చెప్పలేదు. నాలాంటివాడు ఒక్కడు వెళ్లిందే ఎక్కువ.

వానలు మొదలయ్యాయి. నా పక్క మగ్గాల డాంగ్ అతను వరినాట్లకు ఊరికెళ్లి వచ్చాడు. అతని భార్యాపిల్లల క్షేమం అడగకుండా, "చెట్టెట్లుంది?" అన్నాను హిందీలో. "అటు వెళ్లే దారే లేదు, వాగు పొంగింది," అన్నాడు. సూరత్‌లో ఎప్పుడు వాన పడినా నాకు ఆ చెట్టే గుర్తొచ్చేది. తడి ఎక్కువై కుళ్లిందేమో, గాలికి పడిపోయిందేమో. అమ్మ కూడా కిటికీ దగ్గర నిలబడి ఆ వానవైపే చూసేది.

దీపావళికి కార్ఖానాలు మూసేశారు. మావాళ్లంతా సిరిసిల్ల బస్సులెక్కారు. "నేను వస్త డాంగ్‌కు," అంది అమ్మ. రోడ్డు మీది నుంచి చెట్టు దాకా కాలిబాట చాలా దూరమే. వద్దని చెప్పి చూశాను. వింటేగా. మధ్యలో నాలుగుసార్లు ఆగింది, నొప్పిని నాలుగుసార్లు తిట్టింది, నడిచింది.

ముందు పైన ఆకులు చూశాను. నిండుగా, పచ్చగా ఉన్నాయి. కిందికి చూస్తే చీర చివికిపోయి, పోగులు పోగులుగా రాలిపోయింది. మా వెంట వచ్చిన భగత్ మిగిలింది వేళ్లతో తీసేశాడు. ముళ్ల వెనక మిగిలిన నాలుగు వేళ్ల చెక్క రెండు పక్కలకూ పాకింది. కొత్త చెక్క లేతగా, పెదవిలా ముందుకు వచ్చింది. ఇంకా మానాల్సింది చాలా ఉంది.

"బతికింది," అన్నాడు ఆయన.

అమ్మ చెట్టు మొదట్లో కూలబడింది. ఎర్ర అంచు ముక్క ఒకటి ముడి దగ్గర కుళ్లకుండా మిగిలితే ఆయన తీసి ఆమె చేతికిచ్చాడు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"ఇగో, నా చీర గింతే మిగిలింది. ఇగ నేను సచ్చుడెట్లరా? మీద కప్పెతందుకు చీర గూడ లేకపాయె."

ఏమంటోందని భగత్ అడిగాడు. గుజరాతీలో చెప్పాను. "అయితే ఇప్పుడప్పుడే పోవద్దని చెప్పు," అన్నాడు.

అది అమ్మకు తెలుగులో చెప్పబోయి మాట మార్చాను. బస్సుకు వేళవుతోందన్నాను. లేవడానికి అమ్మకు చెయ్యి అందించాను. అమ్మ నా చెయ్యి పట్టుకోలేదు. చెట్టును పట్టుకుని లేచింది.